సోషల్ సైట్లన్నీ ఏళ్ళ తరబడి వాడాక: ఎక్కడ రాసింది మళ్ళీ దొరుకుతుంది?

సోషల్ సైట్ల మీద రివ్యూ అంటే చాలామంది యూజర్లెంతమంది, ఫిల్టర్లెన్ని, వీడియో ఎంతసేపు పెట్టొచ్చు అనే లెక్కలే వేస్తారు. నాకు ఆ మోజు ఎప్పుడో తీరిపోయింది. ఆర్కుట్ రోజుల నుంచి ఇదే పని కదా, ఒకటి మూతపడితే ఇంకోదాంట్లోకి, అక్కడ జనం పల్చబడితే మరోదాంట్లోకి. ఇన్నేళ్ళు వాడాక ఇప్పుడు ఏ సైట్‌నైనా నేను చూసేది ఒక్కటే: నిరుడు చదివిన మంచి పోస్టు, లేదా నేనే రాసుకున్నది, ఇవాళ కావాలంటే చేతికొస్తుందా రాదా? మనుషుల్ని కలపడం అన్ని సైట్లూ చేస్తాయి, రాసింది దాచిపెట్టి అడిగినప్పుడు తీసివ్వడంలోనే తేడా అంతా తెలుస్తుంది.

ఆర్కుట్‌తోనే మొదలుపెడతా, ఇప్పుడది లేకపోయినా. 2004 జనవరిలో వచ్చింది, చేసింది గూగుల్ ఇంజనీర్ ఆర్కుట్ బుయుక్కొక్టెన్, ఆయన పేరే దానికి పెట్టేశారు. ఒకరికొకరు మెసేజ్‌లు రాసుకునే స్క్రాప్‌బుక్, ఫ్రెండ్స్ మన గురించి రాసే టెస్టిమోనియల్స్, మన ప్రొఫైల్ ఎవరెవరు చూసి వెళ్ళారో చూపించే లిస్టు, ఇవే అందరికీ గుర్తు. నాకు మాత్రం దాని కమ్యూనిటీలే నచ్చేవి. ఒక్కో టాపిక్‌కి ఒక హెడ్డింగ్, కింద జవాబులన్నీ వరసగా, మొదట రాసింది మొదట, చివర రాసింది చివర. పాత చర్చ చదవాలంటే పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోవడమే. 2014 సెప్టెంబర్ 30న మూసేశారు, ఫొటోలు అవీ దించుకోమని టైమ్ అయితే ఇచ్చారు గానీ ఎంతమంది దించుకున్నారో. గూగుల్ ప్లస్ కూడా అంతే, 2011లో వచ్చింది, 2019 ఏప్రిల్‌లో పోయింది. సర్కిల్స్ అని మనుషుల్ని గుంపులుగా విడదీసుకుని ఏ పోస్టు ఏ గుంపుకి కనపడాలో ఎంచుకునేవాళ్ళం, అంత మంచి ఐడియా జనం లేక వృథా అయింది పాపం.

ఫేస్‌బుక్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ తిట్టుకునేదీ దాన్నే, ఎక్కువసేపు ఉండేదీ అక్కడే. 2004లో కాలేజీ పిల్లల కోసం మొదలైంది, 2006 సెప్టెంబర్‌లో 13 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా చేరొచ్చు అన్నారు, న్యూస్ ఫీడ్ కూడా ఆ నెల్లోనే వచ్చింది. అంతకుముందు ఎవరి సంగతి తెలియాలన్నా వాళ్ళ పేజీకి మనమే వెళ్ళి చూడాలి, ఫీడ్ వచ్చాక అన్నీ మన ముందుకే రావడం మొదలైంది, తర్వాత వచ్చిన సైట్లన్నీ ఆ దారే పట్టాయి. చుట్టాలు, పాత క్లాస్‌మేట్లు, ఎప్పుడో కలిసి పనిచేసినవాళ్ళు అందరూ ఒకేచోట కావాలంటే ఇప్పటికీ దీన్ని మించింది లేదు. గ్రూపులు అయితే నిజంగా బంగారం, మొక్కలు పెంచేవాళ్ళవి, పాత కెమెరాల పిచ్చోళ్ళవి, ఏదో ఒక మెషిన్ రిపేర్ల కోసమే పెట్టినవి, ఇలా ఏది కావాలంటే దానికో గ్రూపు.

బాధల్లా ఆ బంగారం ఎక్కడుందో వెతకబోతే మొదలవుతుంది. గ్రూపులో సెర్చ్ ఉంది, కాదనను, కానీ పోస్టులో ఉన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటేనే కాస్త ఆశ. తెలుగులో రాసిన పోస్టు అయితే ఇంకా కష్టం, ఒకే మాటని ఒకడు తెలుగు లిపిలో రాస్తాడు, ఇంకొకడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాడు, అది కూడా తలో స్పెల్లింగు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. పోస్టు కింద నలభై కామెంట్లు అని ఉంటుంది, తెరిస్తే ఓ అయిదారే కనపడతాయి. అక్కడ పైన మోస్ట్ రెలెవెంట్ అని చిన్నగా ఉంటుంది చూడండి, దాన్ని నొక్కి ఆల్ కామెంట్స్ పెడితే గానీ మిగతావి బయటికి రావు, మనకి కావాల్సిన జవాబు నూటికి తొంభైసార్లు ఆ దాక్కున్న వాటిలోనే ఉంటుంది. అలాగే పోస్టు కింద ఊరికే ఫాలోయింగ్ అనో ఒక చుక్కో పెట్టిపోయేవాళ్ళు, బాబూ, పక్కన మూడు చుక్కలు నొక్కితే ఆ పోస్టుకి నోటిఫికేషన్ ఆన్ చేసుకునే ఆప్షన్ ఉంది, రాసినవాడు ఎవరో జవాబిచ్చారని ఆశగా వచ్చి చూస్తే చుక్క కనపడుతుంది.

ఫీడ్ మీద విసుగొస్తే 2022లో పెట్టిన ఫీడ్స్ అనే ట్యాబ్ వాడండి, అందులో కొత్తవి పైన, పాతవి కింద, అంతే. వాదనలు పెట్టుకునే చుట్టాన్ని అన్‌ఫ్రెండ్ చేస్తే పెళ్ళిలో ఎదురుపడతాడు కాబట్టి 30 రోజుల స్నూజ్ కొట్టడం ఉత్తమం, అన్నాళ్ళు ఆయన పోస్టులు మనకి కనపడవు, ఆయనకి తెలియదు, మనకి ప్రశాంతం.

ట్విట్టర్, అదే ఇప్పటి ఎక్స్. నా లెక్కలో సెర్చ్ విషయంలో దీన్ని కొట్టింది ఇంకోటి లేదు, ఈ మాట దాని మీద ఎంత కోపం ఉన్నవాళ్ళయినా ఒప్పుకోవాలి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్ళి ఫలానా అకౌంట్ వాళ్ళు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ లోపల ఫలానా మాట వాడి ఏం రాశారు అని అడిగితే పదేళ్ళ కిందటి ట్వీట్ కూడా తీసి ముందు పెడుతుంది. రాజకీయ నాయకులు నిన్నటి మాట ఇవాళ మార్చితే నిమిషాల్లో స్క్రీన్‌షాట్ తిరిగేది ఇందుకే. లైవ్‌గా ఏం జరుగుతోందో తెలియాలన్నా, భూకంపం అవనీ క్రికెట్ మ్యాచ్ అవనీ, ముందు చూసేది అక్కడే. 2017 నవంబర్‌లో 140 అక్షరాల్ని 280 చేశారు కదా, తెలుగులో రాసేవాళ్ళకి అది నిజంగా 280 కాదు. గుణింతం గుర్తులు, వత్తుల కోసం వచ్చే పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కేస్తుంది, స్త్రీ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు. అందుకే తెలుగు ట్వీట్లు ఎప్పుడూ మధ్యలో తెగి రెండో ట్వీట్‌లోకి పోతుంటాయి.

2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ కొన్నాక, 2023 జులైలో పేరు మార్చాక వచ్చిన తేడాల్లో నాకు బాగా తగిలింది నీలం టిక్కు. ఇదివరకు ఆ మనిషి నిజంగా ఆ మనిషేనని చెప్పే గుర్తు, ఇప్పుడు డబ్బు కట్టినవాడెవడైనా తగిలించుకోవచ్చు, పైగా కట్టినవాళ్ళ రిప్లైలు పైకొస్తాయి, మంచి జవాబు చదవాలంటే ఓ బారెడు కిందికి దిగాలి. కమ్యూనిటీ నోట్స్ మాత్రం బాగుంది, అబద్ధం కిందే యూజర్లు రాసిన నిజం అతికించి ఉంటుంది. సైట్ తనకి తోచినవి ఎంచి చూపించే ఫర్ యూ ట్యాబ్‌లో అయితే కూర్చోకండి, మనం ఫాలో అయ్యేవాళ్ళవి చూపించే ఫాలోయింగ్‌లో ఉండండి, బీపీ పెరగదు.

ఇన్‌స్టాగ్రామ్ చూడడానికి ఎంత బాగుంటుందో వెతకడానికి అంత దండగ. 2010లో వచ్చినప్పుడు చదరపు ఫొటోలు, కొన్ని ఫిల్టర్లు, అంతకుమించి ఏమీ లేదు, 2012లో ఫేస్‌బుక్ వంద కోట్ల డాలర్లకి కొంటామంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు, ఇప్పుడెవరూ వేసుకోరు. బొమ్మలు వేసేవాళ్ళు, ఫొటోగ్రాఫర్లు, చేత్తో ఏదైనా తయారుచేసి అమ్ముకునేవాళ్ళు ఉండాల్సింది ఇక్కడే, ఇందులో రెండో మాట లేదు. కానీ చదివే విషయం ఎందుకు పెడతారో నాకర్థం కాదు. పది స్లైడ్ల మీద అక్షరాలు బొమ్మగా చేసి పెడతారు, అందులో మాటని కాపీ చేయలేం, మనం వెతికే మాట ఆ బొమ్మలో ఉన్నా మనకి తగలదు, క్యాప్షన్‌లో లింకు ఇస్తే అది నొక్కితే తెరుచుకోదు, మళ్ళీ లింక్ ఇన్ బయో అని ప్రొఫైల్ దాకా నడిపిస్తారు. సేవ్ చేసుకుంటాంగా అంటారా, చేసుకోండి, కలెక్షన్లుగా విడదీసుకోండి కూడా, కాకపోతే పెట్టినాయన డిలీట్ చేసిన రోజు మన సేవ్‌లోంచి కూడా పోతుంది. స్టోరీ సంగతి సరేసరి, 24 గంటలు.

లింక్డిన్ ఉద్యోగం కోసం మాత్రమే. ప్రొఫైల్‌ని ఒక రెజ్యూమేలాగా ఎప్పటికప్పుడు సరిచేసి పెట్టుకుంటే మనం వెతక్కపోయినా రిక్రూటర్లు వెతుక్కుంటూ వస్తారు, ఆ ఒక్క పనికి దానికి పోటీ లేదు. ఫీడ్ మాత్రం భరించలేను. ఒక వాక్యం, ఒక ఖాళీ, ఇంకో వాక్యం, ఇంకో ఖాళీ, ఆఖర్న ఒప్పుకుంటారా అని ప్రశ్న. పోస్టు మీద తేదీ కూడా సరిగ్గా ఉండదు, మూడు వారాలు, రెండు నెలలు, ఒక ఏడాది అని చూపిస్తుందంతే, అర్జెంటుగా మనుషులు కావాలి అన్న పోస్టు చూసి ఆశపడి తీరా గమనిస్తే నెల్నాళ్ళ కిందటిది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, వేరేవాళ్ళ ప్రొఫైల్ చూస్తే వాళ్ళకి మన పేరు కనపడుతుంది. కనపడకుండా ప్రైవేట్ మోడ్ పెట్టుకోవచ్చు, అప్పుడు ఫ్రీ అకౌంట్ వాళ్ళకి మనల్ని ఎవరు చూశారో కూడా కనపడదు.

రెడిట్ మనవాళ్ళలో చాలామంది ఆలస్యంగా మొదలుపెట్టారు, నేనూ అంతే, ఇప్పుడు ఏ వస్తువు కొనాలన్నా ఏ సాఫ్ట్‌వేర్ మొరాయించినా గూగుల్‌లో ప్రశ్న రాసి చివర రెడిట్ అని తగిలిస్తున్నా. 2005 నుంచి ఉన్న సైటు, పేరూ మొహం అక్కర్లేదు, అందుకే మనిషి ఎవరన్నది కాకుండా చెప్పిన మాటకే ఓటు పడుతుంది. జవాబుకి జవాబు, దాని కింద ఇంకో జవాబు చెట్టు కొమ్మల్లా విడిపోతుంది కాబట్టి ఎవరు ఎవరికి చెప్తున్నారో తికమక ఉండదు. లోపం లేదా అంటే ఉంది. 2023 జూన్‌లో బయటి యాప్‌లు రెడిట్ డేటా అందుకునే దారికి (ఏపీఐ అంటారు) డబ్బు వసూలు చేస్తామన్నందుకు పెద్ద గొడవైంది, వేల సబ్‌రెడిట్లు, అంటే ఒక్కో విషయానికి ఉండే గ్రూపులు, తాళం వేసుకుని నిరసన చేశాయి, కొందరు కోపంతో తమ పాత కామెంట్లన్నీ తుడిచేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు వెతికిన ప్రశ్న దొరికి, కింద డిలీటెడ్ అని, దాని కింద ఒకాయన థాంక్యూ సరిగ్గా పనిచేసింది అని రాసి ఉంటే ఎంత మండుతుందో. కోరా కూడా ఇలాంటి పనికే పెట్టింది, కానీ ఇప్పుడు ఒక ప్రశ్న తెరిస్తే దానికి సంబంధం లేని ప్రశ్నల జవాబులు కూడా కలిపి వడ్డిస్తోంది, నేను పెద్దగా వెళ్ళట్లేదు.

వాట్సాప్, టెలిగ్రామ్ సైట్లు కావు గానీ జనం సగం అక్కడే ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. వాట్సాప్ గ్రూపు ఇంట్లోవాళ్ళకీ ఆఫీసుకీ సరే, ఒక విషయం మీద జ్ఞానం పోగేయడానికి పనికిరాదు, కొత్తగా చేరినవాళ్ళకి పాత చర్చ మొత్తంగా కనపడదు కాబట్టి అడిగిన ప్రశ్నే నెలకోసారి అడుగుతుంటారు, అడ్మిన్ పాపం చెప్పిందే చెప్తుంటాడు. టెలిగ్రామ్ పబ్లిక్ గ్రూపులో చేరితే మొదటి రోజు మెసేజ్ దాకా వెనక్కి పోవచ్చు, వెతకొచ్చు, గ్రూపులో రెండు లక్షల మంది పడతారు. అయితే వాట్సాప్‌లో మామూలు చాట్ కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే మాట్లాడుకునేవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేనట్టు ఉంటుంది, టెలిగ్రామ్‌లో సీక్రెట్ చాట్ విడిగా తెరిస్తేనే, మిగతా చాట్లకి లేదు. సొంత సంగతులు ఎక్కడ మాట్లాడాలో మీరే చూసుకోండి.

ట్విట్టర్ లాంటివే అయిన థ్రెడ్స్, బ్లూస్కై, మాస్టడాన్ మూడూ చూశా. మాస్టడాన్ ఒకే కంపెనీది కాదు, ఎవరికివారు నడిపే సర్వర్లు చాలా ఉంటాయి, ఒక సర్వర్ నచ్చకపోతే ఫాలోవర్లని వెంటపెట్టుకుని ఇంకో సర్వర్‌కి మారొచ్చు, ఇది వింటే ఎంతో బాగుంటుంది, పాత పోస్టులు మాత్రం పాత చోటే ఉండిపోతాయి. తెలుగు రాసేవాళ్ళు ఈ మూడింట్లోనూ నాకు అంతగా తగల్లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, అకౌంటే పోవడం ఒక ఎత్తు. వీటిలో ఒక సైట్, పేరు వద్దులెండి, ఒకరోజు పొద్దున్నే నా అకౌంట్ లాక్ చేసింది, కారణం చెప్పలేదు, ఐడీ ప్రూఫ్ పంపమంటే పంపా, ఏ మనిషీ మాట్లాడలేదు, వచ్చిందల్లా అచ్చుగుద్దినట్టు ఒకే మెయిల్ మళ్ళీ మళ్ళీ. చివరికి తెరుచుకుంది అనుకోండి. అప్పటి నుంచి కొంచెం పొడుగ్గా ఏం రాసినా ముందు నా ఫైల్‌లో రాసుకుని తర్వాతే పోస్టు చేస్తున్నా, ఏడాదికోసారి డేటా మొత్తం దించుకుంటున్నా. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, ఎక్స్, లింక్డిన్ అన్నిట్లోనూ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఉంది, అడిగాక ఫైల్ తయారవడానికి కాస్త టైమ్ పడుతుంది, లింకు వచ్చాక కొన్నాళ్ళే పనిచేస్తుంది కాబట్టి వెంటనే దించేసుకోవాలి. ఫేస్‌బుక్‌లో దించేటప్పుడు ఏ ఫార్మాట్ అని అడుగుతుంది, జేసన్ కాకుండా హెచ్‌టీఎమ్‌ఎల్ పెట్టండి, జేసన్‌లో తెలుగు అంతా పిచ్చి గుర్తులుగా మారి వస్తుంది, దాన్ని మళ్ళీ తెలుగు చేయాలంటే ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళని పట్టుకోవాల్సిందే.