మలప్పురం సెవెన్స్: నాకౌట్ పోటీల వెంట నాలుగు రాత్రులు

నాకౌట్ పోటీ, అంటే ఒక్కసారి ఓడిన జట్టు అక్కడితో తప్పుకునే పోటీ, చూడటానికి ప్రయాణం కట్టేవారికి ఒక చిక్కు ఉంది. మనం మెచ్చిన జట్టు మళ్లీ ఎప్పుడు ఆడుతుందో, అసలు ఆడుతుందో లేదో, ఆ రాత్రి ఆట ముగిస్తే గాని తేలదు. కేరళలోని మలప్పురం జిల్లాలో ఏటా నవంబరు నుంచి మే దాకా ఊరూరా సెవెన్స్ ఫుట్‌బాల్ జరుగుతుంది. దానికోసం జనవరిలో నాలుగు రాత్రులు అక్కడ ఉన్న నాకు, హైదరాబాదులో కూర్చుని గీసుకున్న పట్టిక రెండో రోజుకే చెల్లకుండా పోయింది.

సెవెన్స్ అంటే గోల్‌కీపరుతో కలిపి జట్టుకు ఏడుగురే. మైదానం చిన్నది, ఆట గంటసేపు. ఒక్కో పోటీ ఇంచుమించు నెల సాగుతుంది, సాధారణంగా రాత్రికి ఒకే ఆట ఉంటుంది. దీనికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు లేకపోయినా, ఆఫ్రికా దేశాల నుంచి ఆటగాళ్లను రప్పించుకునే స్థోమత ఇక్కడి క్లబ్బులకు ఉంది. మంజేరి, కోట్టక్కల్, చెర్పుళశ్శేరి, అరీకోడ్ వంటి చిన్న పట్టణాల పేర్లే ఆ జట్ల పేర్లలోనూ వినిపిస్తాయి.

బస ఎక్కడ అన్నదే ముందుగా తేల్చుకోవలసిన విషయం. కోళిక్కోడ్‌లో మంచి హోటళ్లు, సముద్రతీరం, తిండి అన్నీ ఉన్నాయి గాని, ఆట ముగిసి జనం కదిలేసరికి పదకొండు దాటుతుంది. ఆ వేళ యాభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లడం డబ్బుకూ ఒంటికీ శిక్షే. మలప్పురం పట్టణం జిల్లా కేంద్రమే అయినా రాత్రి తొందరగా సద్దుమణుగుతుంది. నా ఓటు పెరింతల్‌మణ్ణకే. పాలక్కాడ్–కోళిక్కోడ్ రహదారి మీద ఉన్న ఈ ఊరికి బస్సులు విరివిగా ఉన్నాయి, కాదరలి క్లబ్బు పేరిట జరిగే పేరున్న సెవెన్స్ పోటీకి ఇదే వేదిక. అయితే ఇది ఆసుపత్రుల ఊరు. రోగుల వెంట వచ్చినవారితో లాడ్జీలు నిండిపోతాయి కనుక, గది ముందుగా చెప్పుకున్నా వెళ్లేముందు మరోసారి ఫోను చేసి గట్టిచేసుకోవాలి. నేను చేయలేదు. అక్కడి ఒక టూరిస్ట్ హోమ్‌లో, అంటే మన భాషలో లాడ్జిలో, నాకిస్తామన్న గదిని మరొకరికి ఇచ్చేసి, మెట్ల కింద కిటికీ లేని గది చూపించి అదే అద్దె అడిగారు. మర్నాడు మారిన రెండో లాడ్జిలో గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, కాపలా మనిషి నడిరేయి కూడా విసుక్కోకుండా తలుపు తీశాడు. ఆట చూడబోయేవారికి ఏసీ కంటే ఆ తలుపే ముఖ్యం.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో పాలక్కాడ్ చేరి బస్సు పట్టుకోవడం హైదరాబాదు నుంచి తేలికైన దారి. బస్సుల బోర్డులు ఎక్కువగా మలయాళంలోనే ఉంటాయి కాబట్టి కండక్టరును అడగక తప్పదు. మగవారిని ‘ఇక్కా’ (అన్నా) అని పిలిస్తే పని త్వరగా అవుతుంది. షొర్నూర్ నుంచి నిలంబూర్ వెళ్లే 66 కిలోమీటర్ల రైలుమార్గం చెట్ల నీడల్లో సాగుతుంది. పెరింతల్‌మణ్ణకు దగ్గరి స్టేషను అంగాడిప్పురం ఆ దారిలోనే ఉంది. ఇక్కడి ఎర్రరాతిని చూసే ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో ‘లేటరైట్’ అన్న పేరు పెట్టాడు. ఊళ్లో దానికి ఒక స్మారక శిల ఉంది, పగటిపూట వేరే పని ఉండదు గనుక చూసి రావచ్చు.

మూడో రాత్రి అరీకోడ్ వైపు ఒక పల్లెలో చూసిన ఆటే నాకు బాగా గుర్తుంది. కోత కోసిన వరిమడిని చదును చేసి, చుట్టూ పోకమానులు, వెదుళ్లు కట్టి గ్యాలరీ నిలబెట్టారు. గోల్ పడినప్పుడల్లా జనం ఒక్కసారిగా లేచేసరికి నా కాళ్లకింది మాను కిర్రుమని వంగి మళ్లీ సర్దుకునేది. 2022 మార్చిలో ఇదే జిల్లాలోని పూంగోడ్‌లో ఇలాంటి గ్యాలరీయే కూలి చాలామంది గాయపడ్డారని తెలిసిన మనిషిని కాబట్టి సగం ఆట కిందికి చూస్తూనే గడిపాను. పిల్లలతో వెళ్లేవారు కాస్త ఎక్కువ పెట్టి నేల మీది కుర్చీ టికెట్టే తీసుకోవడం మేలు. అక్కడ పక్కన కూర్చున్న పెద్దాయన, నాది హైదరాబాదని తెలియగానే “రహీం సాహెబ్!” అన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం మా ఊరివారు. ఆ జట్టులోని టి. అబ్దుల్ రహ్మాన్ కోళిక్కోడ్‌వారు. హైదరాబాదులో ఇప్పుడు ఎంతమంది ఆ పేరు ఇంత చప్పున అందుకోగలరో నాకు అనుమానమే.

తిండికి లోటు లేదు. మైదానం బయట బండి మీద గాజు సీసాల్లో ఉప్పునీట ఊరిన ఉసిరికాయలు, మామిడి ముక్కలు, అనాస ముక్కలు అమ్ముతారు. ఆట తర్వాత పరోటా, పాలు కలపని సులైమానీ టీ దొరికే హోటళ్లు తెరిచే ఉంటాయి. పూర్తి శాకాహారులు మాత్రం రాత్రి భోజనం ముందే ముగించుకోవాలి. రంజాన్ నెలలో వెళ్లేవారు ఆటలు ఉన్నాయో లేవో ముందుగా కనుక్కోవాలి.

2022లో కేరళ, బెంగాల్ మీద టైబ్రేకర్‌లో, అంటే ఆట సమమయ్యాక కొట్టే పెనాల్టీ కిక్కుల్లో, రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచిన మంజేరి పయ్యనాడ్ స్టేడియాన్ని కూడా పగలు వెళ్లి చూశాను. ఖాళీగా ఉన్న స్టేడియం ఏదైనా ఒకటే, దానికోసం ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు.

పోటీ చివరి ఆట కంటే క్వార్టర్ ఫైనల్ రాత్రులకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. అప్పటికి బలహీనమైన జట్లు ఇంటిదారి పట్టి ఉంటాయి, టికెట్ల కోసం తోపులాట ఇంకా మొదలై ఉండదు. తిరుగు టికెట్టు మాత్రం ముందే కొనకూడదు. ఆ పల్లెలో నేను మనసుపడ్డ జట్టు టైబ్రేకర్‌లో గెలిచింది. దాని సెమీఫైనల్ మరో ఐదు రోజులకు. నా రైలు ఒక్క రోజుకు.