గోడ కట్టాలా, నీటిని నెమ్మదింపజేయాలా?

ఇంగ్లండ్‌లో ఉత్తర యార్క్‌షైర్‌కు చెందిన పికరింగ్ అనే చిన్న పట్టణం 1999 నుంచి 2007 లోపు నాలుగుసార్లు వరద పాలైంది. మొదటి ప్రతిపాదన ఊరి నడుమ గోడలు కట్టడం. ఖర్చు దాదాపు 2 కోట్ల పౌండ్లని తేలడంతో అది ఆగిపోయింది.

2009లో మొదలైన రెండో పద్ధతి నీటిని ఎగువనే నెమ్మదింపజేయడం. వాగులకు అడ్డంగా దుంగలు పేర్చారు: మామూలు రోజుల్లో నీరు వాటి కింది సందుల్లోంచి సాఫీగా పారిపోతుంది, వాన ముదిరినప్పుడు మాత్రం వెనక్కి తన్ని పక్క నేలమీదికి పరుచుకుంటుంది. కొండమీది చిన్న కాలువల్లో పొదల మోపులు వేశారు, చెట్లు నాటారు. గొలుసుకట్టు చెరువులు ఎరిగిన మనకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. అయితే అంతా ప్రకృతే చేసిందనుకోవడం పొరపాటు. 1,20,000 ఘనపు మీటర్ల నీటిని ఆపగల మట్టికట్ట కూడా అందులో భాగమే. 2015 డిసెంబరు 26 నాటి భారీ వానకు ప్రవాహ ఉద్ధృతి 15 నుంచి 20 శాతం తగ్గిందనీ, అందులో సుమారు సగం ఆ కట్ట చలవేననీ అంచనా వేశారు.

గోడ కట్టిన నాటి నుంచే పనిచేస్తుంది. చెట్టుకు ఏళ్లు పడుతుంది, దుంగ కుళ్లితే మార్చాలి. అయినా చిన్న పరీవాహకానికి నా మొగ్గు రెండోదానివైపే. గోదావరి వంటి మహానది దగ్గర లెక్క వేరు: భద్రాచలానికి కరకట్ట ఉండాల్సిందే.