జనవరి మంచులో ఒంటరిగా: మౌంట్ వాషింగ్టన్, మౌంట్ పియర్స్

మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే. హిమాలయాలు చూసినవారికి ఇది కొండగా కూడా ఆనదు. కానీ అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఈ శిఖరం మీద 1934 ఏప్రిల్ 12న గాలి గంటకు 372 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఆ రికార్డు బద్దలు కావడానికి 1996 దాకా పట్టింది. 2023 ఫిబ్రవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ 44 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. గాలిని కలుపుకొని ఒంటికి తెలిసే చలి మైనస్ 78. నేను వెళ్లింది జనవరిలో, ఒంటరిగా. వెంట వస్తామన్న మిత్రులు చలి మాట ఎత్తగానే తలొక సాకు చెప్పి తప్పుకున్నారు.

బోస్టన్ నుంచి కారులో దాదాపు మూడు గంటల దారి. బసకు రెండు మార్గాలున్నాయి: నార్త్ కాన్వే ఊళ్లో ఏదైనా మోటెల్, లేదా కొండ మొదట్లోనే పింకమ్ నాచ్ అనే కనుమ దగ్గరున్న జో డాజ్ లాడ్జి. నేను రెండూ చూశాను. మోటెల్ చవక, గది పెద్దది, టీవీ ఉంది. కానీ అల్పాహారం ఎనిమిదింటికి మొదలవుతుందన్నారు. చీకటితోనే బయలుదేరాల్సినవాడికి ఆ టిఫిను ఎందుకు? పైగా తెల్లవారకముందే గడ్డకట్టిన రోడ్డు మీద అరగంట డ్రైవింగ్. లాడ్జిలో గది ఇరుకు, ఒకదానిపై ఒకటిగా మంచాలు, స్నానాలగది ఉమ్మడి. అయినా నా ఓటు దానికే. తలుపు తీసి నాలుగడుగులు వేస్తే కాలిబాట మొదలవుతుంది. ఆ రోజు వాతావరణ సూచన, మంచుచరియల హెచ్చరిక పక్క భవనంలో గోడకు అంటించి ఉంటాయి.

ఆ వాతావరణ సూచన గురించి కాస్త చెప్పాలి. శిఖరం మీద ఒక అబ్జర్వేటరీ, అంటే వాతావరణ పరిశీలన కేంద్రం, ఉంది. అందులో ఉద్యోగులు చలికాలమంతా వంతులవారీగా అక్కడే కాపురముండి, ఎత్తైన శిఖరాల కోసం ప్రత్యేకంగా సూచన తయారుచేస్తారు. ఉచితం. ఊరి వాతావరణం చూపించే ఫోను యాప్ ఇక్కడ దేనికీ పనికిరాదు. కింద ఎండ కాస్తుండగా పైన మనిషిని నిలబడనివ్వని గాలి ఉండవచ్చు. నేను వెళ్లిన ఉదయం అందులో ఉన్నది ఇది: మధ్యాహ్నానికి గాలి గంటకు 110 కిలోమీటర్లు దాటుతుంది. అంటే పన్నెండులోపు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఆ లెక్కతోనే బయలుదేరాను.

క్రాంపాన్లు (మంచుగడ్డ మీద జారకుండా బూటు కింద కట్టుకునే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి నిలబడే గొడ్డలి) అద్దెకు తీసుకున్నాను. మొదట అడిగిన దుకాణంలో కుర్రవాడు బూటు వైపు చూడనైనా చూడకుండా "అన్నిటికీ సరిపోతాయి" అన్నాడు. అక్కడే తొడిగి చూస్తే మడమ దగ్గర వేలు దూరేంత సందు. రెండో దుకాణంలో మనిషి బూటు చేతిలోకి తీసుకుని, మధ్యలో వంచి చూసి, సైజు సరిచేసి, పట్టీ చివర మిగిలింది ఎక్కడ దోపాలో చూపించాడు. ఎక్కువ తీసుకున్నాడు, తీసుకోనివ్వండి. పైన చేతిగ్లోవు తీసి పట్టీ బిగించాల్సి వస్తే ఒక నిమిషంలో వేళ్లు మన మాట వినడం మానేస్తాయి.

లాడ్జి దగ్గర మొదలయ్యే టకర్‌మన్ రవీన్ బాట మొదటి భాగం రోడ్డంత వెడల్పు. స్కీయర్లూ మంచు ఎక్కేవాళ్లూ తొక్కి తొక్కి గట్టిపరిచారు. బూటుకు తొడిగే చిన్న ముళ్లు, మైక్రోస్పైక్స్, చాలు. ఒంటరిగా వచ్చానన్న మాటేగాని, హెడ్‌ల్యాంపుల వరుస ముందూ వెనకా కదులుతూనే ఉంది. తరువాత చీలే లయన్ హెడ్ చలికాలపు దారి వేరే సంగతి. వేసవి దారి మంచుచరియలు జారే వాలును అడ్డంగా దాటుతుంది కాబట్టి, చలికాలంలో మంచు పేరుకున్నాక దాన్ని వదిలేసి నిటారైన ఈ దారిలో పంపుతారు. చెట్ల వేళ్లు, మంచుగడ్డ, కొన్ని చోట్ల నాలుగు కాళ్ల మీద పాకడం. సీసాలు తలకిందులుగా పెట్టుకున్నాను. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు తెరుచుకునే ఉంటుంది. పైపుతో తాగే సంచి తెచ్చిన ఒకాయన పైపులో మంచుపుల్ల బిగుసుకుని, దారిలో నన్ను నీళ్లడిగాడు.

చెట్లు ఆగిపోయిన చోట గాలి మొదలైంది. లయన్ హెడ్ రాతి ముక్కు చేరేసరికి ప్రతి నాలుగడుగులకూ యాక్స్ గుచ్చి ఆగాల్సి వచ్చింది. పదకొండు కాలేదు. వెనక్కి తిరిగాను. శిఖరం మీద ఏదో పోయిందన్న బాధ లేదు. వేసవిలో కారులో వెళ్లి క్యాంటీనులో కూర్చున్నవాళ్లకు గుర్తుండే ఆ భవనం చలికాలంలో సందర్శకులకు మూసే ఉంటుంది. తలదాచుకోను గది లేదు, మరుగుదొడ్డి కూడా లేదు.

మర్నాడు క్రాఫర్డ్ నాచ్‌కు వెళ్లి మౌంట్ పియర్స్ ఎక్కాను. 1,314 మీటర్లు, సాపు వాలు. 1819లో వేసిన క్రాఫర్డ్ పాత్ మీదుగా ఒకవైపు అయిదు కిలోమీటర్లు. అందరూ తేలికంటారు. నిజమే, కానీ ఒంటరిగా ఉండడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఇక్కడే. రాత్రి కురిసిన మంచులో నాకన్నా ముందు ఎవరి అడుగూ లేదు. మంచులో దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి పలకలు, స్నోషూలు, లేకపోతే తొడల దాకా దిగబడతారు. బాట పక్కనున్న స్ప్రూస్ చెట్ల కొమ్మల కింద మంచు పట్టక బోలుగా ఉంటుంది. పైనుంచి చదునుగానే కనిపిస్తుంది. ఒక చోట కర్ర దింపి చూస్తే పిడి దాకా దిగిపోయింది. వాషింగ్టన్ మీద అలాంటి చోట పడితే అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు వస్తారు. ఇక్కడ మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. పైన కొండెక్కేవాళ్ల బస మిజ్పా హట్‌ను చలికాలంలో మూసేస్తారు, దాన్ని నమ్ముకోవద్దు. కింద హైలాండ్ సెంటర్‌లో బస మాత్రం జో డాజ్ కన్నా సుఖంగా ఉంది, గదులు కొత్తవి.

ఫోను సిగ్నల్ రెండు చోట్లా అంతంతమాత్రం. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి రాకపోతే కంగారుపడాలో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి. నిర్లక్ష్యంగా వెళ్లి చిక్కుకున్నవారి నుంచి రక్షణ ఖర్చు వసూలు చేసే చట్టం ఈ రాష్ట్రంలో ఉంది. 25 డాలర్ల హైక్ సేఫ్ కార్డు ఉంటే మామూలు నిర్లక్ష్యానికి ఆ బిల్లు పడదు. మరీ తెగింపుగా ప్రవర్తిస్తే మాత్రం కార్డు కాపాడదు.