పాత ప్లేట్లకు కొత్త వినికిడి: చిక్కడపల్లిలోని ఒక రికార్డుల మార్పిడి దుకాణంపై సమీక్ష

హైదరాబాదు చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత ఇంటి ముందుగదిలో నడిచే చిన్న దుకాణం గ్రామఫోను ప్లేట్లను, ఎల్పీలను (ఎక్కువసేపు మోగే వినైల్ రికార్డులను), క్యాసెట్లను కంప్యూటరు ఫైళ్ళుగా మార్చి ఇస్తుంది. దానికి బోర్డు లేదు, ప్రకటనలు లేవు. కచేరీలకు వచ్చేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడం వల్లనే పని సాగుతోంది. మా ఇంట్లో ఉన్న రికార్డులలో ముఖ్యమైనవాటిని విడతలుగా అక్కడికి చేర్చి, వచ్చిన ఫైళ్ళను ఇంట్లో తీరికగా విన్న తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్ల విషయంలో ఈ దుకాణం పనితనం నిజంగా మెచ్చుకోదగినది. ఎల్పీల పని బాగానే ఉంది, క్యాసెట్ల పని ఫరవాలేదు. ఫైళ్ళకు పేర్లు పెట్టడంలో మాత్రం క్షమించరానంత అశ్రద్ధ ఉంది.

నేను తీసుకువెళ్ళిన పెట్టెలో మూడు కాలాల అభిరుచులు కలగలిసి ఉన్నాయి. అడుగున నాన్నగారు కొన్న 78లు: సినిమా పాటలు, సాలూరి రాజేశ్వరరావు లలితగీతాలు, ఘంటసాల పద్యాలు, కొన్ని వయొలిన్ ప్లేట్లు. వాటి మీద నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న ఎల్పీలు. ఆ పైన క్యాసెట్లు. వాటిలో సగం రేడియో నుంచి ఇంట్లో ఎక్కించుకున్నవి. చిన్నతనంలో నాకు సంగీతమంటే సినిమా పాట ఒక్కటే, అందులోనూ గొంతు ఎంత పైస్థాయికి వెళితే అంత గొప్ప. చిట్టిబాబు వీణ విన్న తరువాత, మాట లేకుండా కూడా రాగం మనిషిని కూర్చోబెట్టగలదని తెలిసి శాస్త్రీయ సంగీతం వైపు మళ్ళాను. ఆ తరువాత చాలా ఏళ్ళు లలితగీతాలను తేలికగా చూశాను. ఇప్పుడు తిరిగి వాటి దగ్గరికే వచ్చాను, అయితే వినేది వేరే కారణాలకు. దుకాణం నడిపే పెద్దాయన పెట్టె తెరిచి చూసి, "అన్నీ మార్చక్కరలేదండీ, మీరు మళ్ళీ వినేవి ఏవో ముందు తీసి పెట్టండి, మిగతావి తరువాత చూద్దాం" అన్నారు. ప్లేటు వైపుకు ఇంత అని లెక్కకట్టే మనిషి తన ఆదాయం తగ్గే మాటను తానే చెప్పడం చూసి, ఇక్కడ పని నమ్మకంగా జరుగుతుందన్న అభిప్రాయం కలిగింది.

ముందుగా శుభ్రం చేయడం గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే రికార్డులను పాడుచేసుకుంటారు. 78 ప్లేటు లక్కతో చేసినది. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది, దానితోపాటు ధ్వని చెక్కి ఉన్న గాడి కూడా పోతుంది. వినైల్ ఎల్పీకి పనికొచ్చే ద్రావకం దీనికి విషమన్నమాట. ఈ దుకాణంలో రెండింటికీ వేరువేరు సీసాలు, వేరువేరు బ్రష్షులు ఉన్నాయి. లక్క ప్లేట్లను డిస్టిల్డ్ వాటరుతో, ఒకటి రెండు చుక్కల సబ్బునీటితో, మధ్యనున్న కాగితపు లేబులు తడవకుండా కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెడతారు. బూజు పట్టిన ప్లేట్లను మిగతావాటితో కలపరు. నగరంలో మరొక చోట, పేరు అనవసరం, నా కళ్ళ ముందే ఒక 78ని స్పిరిటు దూదితో తుడవబోతే వెనక్కి తెచ్చుకున్నాను కాబట్టి, ఈ జాగ్రత్త విలువ నాకు బాగా తెలుసు.

అసలు పనితనం ముల్లు దగ్గర మొదలవుతుంది. 78 ప్లేటు గాడి వెడల్పు. దానికి సుమారు 65 నుంచి 75 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అందులో మూడో వంతు ఉంటుంది. సన్న ముల్లుతో 78ని వాయిస్తే అది గాడి గోడలను సరిగా ఆనుకోక, అడుగున చేరిన దుమ్ము మీద దొర్లుతుంది. వినేవారికి సంగీతం కంటే గరగర ఎక్కువగా చేరుతుంది. రెండవది, రికార్డు చేసేటప్పుడు మంద్ర ధ్వనులను తగ్గించి తార ధ్వనులను పెంచి, వాయించేటప్పుడు దానికి విలోమంగా సర్దుబాటు చేసే పద్ధతి. ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పేరుతో ఇది 1954లో ఒక ప్రమాణంగా స్థిరపడింది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే. నేటి యాంప్లిఫయరులో ఆర్‌ఐఏఏ సర్దుబాటు ముందే బిగించి ఉంటుంది కాబట్టి, 1940ల నాటి ప్లేటును దాని గుండా పంపితే పై ధ్వనులు కత్తిరించుకుపోయి, గాయకుడు దుప్పటి కప్పుకొని పాడుతున్నట్టు వినిపిస్తుంది. ఈ పెద్దాయన దగ్గర నాలుగైదు రకాల ముళ్ళు ఉన్నాయి. సర్దుబాటును కంప్యూటరులో ఒక్కొక్క ప్లేటుకు విడిగా, చెవితో సరిచూసుకుంటూ చేస్తారు.

దీని ఫలితం అన్నిటికంటే బాగా కనిపించింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ ప్లేట్లలో. 1893లో పుట్టిన నాయుడుగారు, ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు, 1964లో కన్నుమూశారు. ఆయన కమాను (వయొలిన్ వాయించే విల్లు) ఎంత నిడివిగా సాగేదో పెద్దలు చెబుతుంటే వినడమే కాని, మా ఇంటి రికార్డు ప్లేయరులో ఆ నిడివి ఎన్నడూ తెలియలేదు. సన్నగా, కీచుగా, గరగరల మధ్య ఎక్కడో ఆ వాద్యం ఉండేది. ఇప్పుడు వచ్చిన ఫైలులో కమాను దిశ మార్చే చోటు వెతికినా దొరకదు. స్వరం ఒకటే పట్టుగా సాగుతుంది, గమకం దాని లోపల నుంచి పుడుతుంది. మూడు నిమిషాలలో ఒక కృతిని, దాని ముందు రాగపు ఛాయను, చివరన నాలుగు స్వరాలను తొందర కనిపించకుండా ఇమిడ్చిన ఆ పొదుపు, గంటల తరబడి సాగే నేటి కచేరీ రికార్డింగులు వినేవారికి ఒక పాఠంలా ఉంటుంది. నాకు ఇప్పుడు అత్యంత ఇష్టమైన రికార్డు ఏదని అడిగితే ఈ ప్లేట్లనే చూపిస్తాను; యాభై ఏళ్ళు ఇంట్లోనే ఉండి కూడా నేను పెద్దగా పట్టించుకోనివి ఇవే.

వేగం విషయంలోనూ శ్రద్ధ కనిపించింది. లేబులు మీద 78 అని ఉన్నంత మాత్రాన పాత ప్లేట్లన్నీ సరిగ్గా ఆ వేగంతోనే రికార్డు కాలేదు. వేగం సుమారు 6 శాతం మారితే శ్రుతి ఒక స్వరస్థానం పైకో కిందికో జరుగుతుంది, గొంతు స్వభావమే మారిపోతుంది. ఒక స్త్రీ గాత్రం ప్లేటును రెండు వేగాలలో వినిపించి, ఏది సహజంగా ఉందో నన్నే అడిగారు. ఇద్దరం ఒకదానినే ఎంచుకున్నాం. ఏ యంత్రం నిర్ణయించినా నాకు ఇంత తృప్తి ఉండేది కాదు.

చిటపటలను, హిస్సును (వెనుక ఆగకుండా వినిపించే బుస శబ్దాన్ని) తీసివేయడంలో ఈ దుకాణానికి ఒక కచ్చితమైన పద్ధతి ఉంది. ప్రతి వైపుకు రెండు ఫైళ్ళు ఇస్తారు. ఒకటి ముల్లు విన్నది విన్నట్టు, ఏ మార్పూ లేనిది. రెండవది పెద్ద పెద్ద చిటపటలను మాత్రమే తొలగించినది. అంతకు మించి శుభ్రం చేయమని అడిగితే ఒప్పుకోరు, లేదా ఒక నమూనా చేసి వినిపించి మన చేతనే వద్దనిపిస్తారు. నాకు వినిపించిన నమూనాలో హిస్సు పూర్తిగా పోయింది. దానితోపాటు కమాను తీగను తాకే ఆ సన్నని ఒరిపిడి పోయింది, మృదంగం మీద చాపు దెబ్బ పదును పోయింది, వెనుక తంబురా ఆగి ఆగి వినిపించింది. అంతర్జాలంలో దొరికే పాత పాటలు చాలావరకు ఇలా కడిగి కడిగి రంగు పోగొట్టినవే. ఇరవై ఏళ్ళ క్రితమైతే నేను కూడా ఆ శుభ్రమైన నమూనానే కోరుకునేవాణ్ణేమో. అప్పట్లో ఏ పాతపాటైనా కొత్తదానిలా మోగాలన్నదే నా కోరిక.

ఘంటసాల ప్లేట్లలో నా అభిరుచి మార్పు మరింత స్పష్టంగా తెలిసింది. ఒకప్పుడు పౌరాణిక చిత్రాల పద్యాలు, చివర ఆయన ఎత్తుకునే ఆ పొడవైన రాగాలాపన, అదే నాకు ఘంటసాల. ఇప్పుడు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన పుష్పవిలాపం విన్నప్పుడు, మైకుకు దగ్గరగా, గొంతును అదుపులో పెట్టుకొని, మాటను నొక్కకుండా పలికిన తీరు ఎక్కువగా నచ్చుతోంది. ప్లేటు రెండు వైపులా సాగే ఈ రచనను పెద్దాయన ఒక ఊపిరి వ్యవధి మాత్రం ఉంచి ఒకే ఫైలుగా కూడా కలిపి ఇచ్చారు. మధ్యలో లేచి ప్లేటు తిప్పవలసిన అవసరం లేకపోవడంతో, కరుణ క్రమంగా చిక్కబడే తీరు మొదటిసారి తెగకుండా అందింది. రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతాలకు కూడా ఈ మార్పిడి మేలే చేసింది. వాద్యాలు కొద్దిగానే ఉన్నా, ఒక్కొక్కటి ఎక్కడ మొదలై ఎక్కడ తప్పుకోవాలో రాజేశ్వరరావు ఎంత ఆలోచించారో ఇప్పుడు లెక్కపెట్టి చెప్పవచ్చు. ఆ తరువాత 1951లో మల్లీశ్వరికి ఆయన చేసిన సంగీతంలోని నాజూకు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ప్లేట్లు వింటే తెలుస్తుంది.

ఎల్పీల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మంచి స్థితిలో ఉన్న ఎల్పీని మంచి ముల్లుతో వాయిస్తే సగం పని అయిపోయినట్టే. చిట్టిబాబు వీణ ఎల్పీ నిండుగా వచ్చింది. అయితే ఆ మెరుపు, ఆ చురుకు నన్ను ఒకప్పుడు పట్టుకున్నంతగా ఇప్పుడు పట్టుకోవడం లేదు, ఆయన గురువు ఈమని శంకరశాస్త్రిగారి నింపాది వాదనం వైపు మనసు పోతోంది. 1974లో, ఘంటసాల మరణించిన తరువాత విడుదలైన భగవద్గీతకు ఇంకొక సమస్య ఉంది, అది దుకాణానిది కాదు. మన ఊళ్ళలో అంతిమయాత్ర వాహనాలలో దానినే వినిపించడం అలవాటై, చాలా ఇళ్ళలో దానిని పెట్టుకోవడానికి జంకుతారు. ఆ అలవాటును పక్కనబెట్టి మంచి స్పీకర్లలో వింటే, శ్లోకానికి, తెలుగు తాత్పర్యానికి మధ్య ఆయన గొంతు గానం నుంచి మాటలోకి దిగే తీరు తెలుగు రికార్డింగులలో అరుదైనదని ఒప్పుకోక తప్పదు.

క్యాసెట్ల దగ్గర పని కొంచెం తగ్గింది. టేపును చదివే హెడ్డు కోణాన్ని క్యాసెట్టు క్యాసెట్టుకూ సరిచేయాలి, లేకుంటే పై ధ్వనులు మసకబారుతాయి. కంపెనీ క్యాసెట్లకు ఈ సర్దుబాటు చేశారు కాని, ఇంట్లో రేడియో నుంచి ఎక్కించుకున్న కొన్నింటికి చేసినట్టు లేదు. బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు కీర్తనలు ఉన్న ఒక టేపును తిరిగి ఇస్తే, మారు మాట్లాడకుండా మళ్ళీ చేసి ఇచ్చారు; రెండవసారి వచ్చినది ఎంతో మెరుగ్గా ఉంది. మొదటే అలా చేసి ఉండవలసింది. టేపును హెడ్డుకు ఒత్తిపెట్టే స్పాంజి ఊడిపోయిన క్యాసెట్లను విప్పి కొత్త పెట్టెలలోకి మార్చినందుకు అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఇక అశ్రద్ధ సంగతి. ఫైళ్ళ పేర్లు "సైడు ఎ", "సైడు బి" అనే ధోరణిలో వచ్చాయి. కొన్నింటిలో గాయకుల పేరు ఉంటే రాగం లేదు, కొన్నింటిలో రాగం పేరే తప్పు. లేబుళ్ళ ఫోటోలు తీసి ఇవ్వరు, ప్లేటు సంఖ్య రాయరు. ధ్వని మీద ఇంత పట్టింపు ఉన్న చోట ఈ వివరాలు లేకపోవడం ఆశ్చర్యం, ఎందుకంటే ప్లేటు సంఖ్య లేని రికార్డింగు కాలం నిర్ణయించడం తరువాత ఎవరికైనా కష్టమే. ఫోను ఎత్తరు. చెప్పిన తేదీకి పని కాదు. ధర విషయానికి వస్తే, 78 ప్లేటు ఒక వైపుకు మల్టీప్లెక్సు టికెట్టు పాటి ఖర్చు అవుతుంది. మూడు నిమిషాల ధ్వనికి అది ఎక్కువే అనిపించినా, దాని వెనుక ఉన్న శ్రమ చూస్తే న్యాయమైన ధరే. ఇంకొక మంచి నియమం ఏమిటంటే, ఇతరులు ఇచ్చిన రికార్డుల ప్రతులను ఎంత అడిగినా అమ్మరు.

సినిమా పాటలు మాత్రమే కావలసినవారు ఇక్కడికి రానవసరం లేదు. వాటిలో చాలావరకు కంపెనీలే మూల టేపుల నుంచి విడుదల చేశాయి, అవి మన అరిగిన ప్లేటు కంటే బాగుంటాయి. మళ్ళీ ఎన్నడూ విడుదల కాని 78లు, ఇంటివాళ్ళ గొంతులు, రేడియో కచేరీలు ఉన్న క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. వెళ్ళే ముందు ప్రతి లేబులునూ మీరే ఫోటో తీసుకొని, పాట, రాగం, గాయకుల పేర్లతో ఒక జాబితా రాసి ఇవ్వండి. ఇచ్చినవారి ఫైళ్ళకు ఆ పేర్లే పెడుతున్నారు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ నాణ్యత గల స్టీరియో వేవ్ (ధ్వనిని కుదించని) ఫైళ్ళు గంటకు సుమారు 2 జీబీ ఆక్రమిస్తాయి కాబట్టి చిన్న పెన్‌డ్రైవు సరిపోదు, హార్డ్ డిస్కు తీసుకువెళ్ళడం మేలు. ఎంపీత్రీలు చాలునని చెప్పకండి. అవి వేవ్ ఫైళ్ళ నుంచి ఎప్పుడైనా ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు.