ఉద్దానం కిడ్నీ వ్యాధి: ఒకసారి రాసి ముగించే సమీక్షా, ఎప్పటికప్పుడు సవరించే సమీక్షా, ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి పరిసరాల పల్లెల్లో, ఇందరికి కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ లేదు. బోరునీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేవారి ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఇలా అనుమానాలు అనేకం. వీటిపై వచ్చిన పరిశోధనలన్నిటినీ వడపోసి, దేనికి ఎంత ఆధారముందో చెప్పే సమీక్షను ఏ పద్ధతిలో రాయాలన్నది మనకు దూరపు చర్చ కాదు.

ఒకసారి రాసి ముగించిన సమీక్షకు దాని తేదీయే బలం. ఎప్పటివరకు వెతికారో చెప్పి ఉంటుంది గనుక దాని హద్దు డాక్టరుకు తెలుస్తుంది. అయితే అది త్వరగా పాతబడుతుంది: వంద సమీక్షలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 23 శాతానికి రెండేళ్లలోపే సవరణ అవసరమయ్యే సూచనలు కనిపించాయి, 7 శాతం అచ్చయ్యేనాటికే ఆ స్థితిలో ఉన్నాయి.

ఎప్పటికప్పుడు సవరించే పద్ధతి ఈ లోపాన్ని తీరుస్తుంది గానీ, మరో చిక్కు తెస్తుంది. ఆసుపత్రిలో ఉన్న కోవిడ్ రోగులకు రెమ్‌డెసివిర్ వద్దని 2020 నవంబరులో సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2022 ఏప్రిల్‌లో, వ్యాధి తీవ్రం కాకపోయినా ఆసుపత్రిపాలయ్యే ముప్పు బాగా ఎక్కువున్నవారికి దాన్ని వాడవచ్చని సూచించింది. కొత్త ఆధారాలను బట్టి మాట మార్చుకోవడం మంచిదే. కానీ ఏది ఎప్పుడు, ఎందుకు మారిందో రాసి ఉండకపోతే, పాత ప్రతి పట్టుకున్న డాక్టరూ కొత్త ప్రతి చదివిన డాక్టరూ రోగికి రెండు మాటలు చెబుతారు.

అందుకే సమీక్షల నివేదనకు 27 అంశాల పట్టికగా ఉన్న ప్రిస్మా 2020 నియమావళికి, ఈ తరహా సమీక్షల కోసం 2024లో ప్రత్యేక విస్తరణ వచ్చింది. నా దృష్టిలో ముఖ్యమైనవి మూడు: ఇది ఎన్నో ప్రతి, గత ప్రతికీ దీనికీ తేడా ఏమిటి, పని సాగుతోందా ఆగిందా. మూడోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. నిధులు అయిపోయి ఎప్పుడో ఆగిన సమీక్ష తాజాదన్న పేరుతోనే మిగిలితే, పాత తేదీ వేసుకున్న సమీక్షకంటే ఎక్కువ హాని చేస్తుంది.

ఉద్దానానికి నేను ఎప్పటికప్పుడు సవరించే సమీక్షనే కోరతాను, ఎందుకంటే ప్రశ్న ప్రాణాలకు సంబంధించినది, ఆధారం ఇంకా బలహీనం. నెలనెలా వెతకనక్కర్లేదు, ఏడాదికి రెండుసార్లు చాలు. మార్పుల చిట్టా నడిపే ఓపిక లేని బృందమైతే మాత్రం, తేదీ వేసి ఒకసారి రాసి ముగించడమే మేలు. చిట్టా నడిపే బృందం, కొత్త పరిశోధన ఏదీ దొరకని విడతలో కూడా, ఫలానా తేదీ వరకు వెతికామని, ఏమీ దొరకలేదని, పలాస డయాలసిస్ వార్డులో పనిచేసే నర్సుకు సైతం అర్థమయ్యే తెలుగులో రాసిపెట్టాలి.