ఆటుపోట్లు చూసుకుని బయల్దేరండి: హరిహరేశ్వర్ నుంచి రత్నగిరి దాకా కొంకణ తీరం

మహారాష్ట్రలోని కొంకణ తీరంలో, హరిహరేశ్వర్ దగ్గర సావిత్రి నది సముద్రంలో కలుస్తుంది. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కొబ్బరిచెట్లు కనిపిస్తూనే ఉంటాయి. కానీ రోడ్డు మీదే వెళ్ళాలంటే వంతెన కోసం చాలా దూరం లోపలికి పోయి చుట్టి రావాలి. అందుకే బాగ్‌మాండ్లా రేవులో కార్లు, బైకులు, కూరగాయల బుట్టలు, బడిపిల్లలు అందరూ ఒకే పడవ ఎక్కుతారు. గోదావరి మీద పంటు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు, ఇక్కడ జంగర్ అంటారు. ఇనుప రేకు గట్టు మీదికి వాలుతుంది, కారు ఎక్కించి ఇంజన్ ఆపేయడమే. పది నిమిషాల్లో అవతలి ఒడ్డున వేశ్వీ. కారులోంచి దిగనని భీష్మించుకున్న మా అత్తయ్య రెండో జంగర్‌కల్లా రెయిలింగ్ దగ్గర నిలబడిపోయారు.

మార్చి మొదట్లో పుణె నుంచి సొంత కారులో నలుగురం వెళ్ళాం: నేను, మా వారు, పదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య. తామ్హిణీ ఘాట్ దిగి మాణ్‌గావ్ మీదుగా హరిహరేశ్వర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. మొదటి తప్పు అక్కడే జరిగింది. గుడి వెనక రెండు బండల నడుమ నుంచి మెట్లు దిగి, సముద్రపు రాళ్ళ మీదుగా ప్రదక్షిణ చెయ్యడం ఆ ఊరి ప్రత్యేకత. అది ఆటు సమయంలోనే కుదురుతుంది. మేం వెళ్ళేసరికి పోటు మీదుంది. మెట్ల కింద అలలు బండల్ని బాదుతుంటే చూసి వెనక్కి తిరిగాం. ఆ రాత్రి మా వారు కూర్చుని వారం రోజుల ఆటుపోట్ల వేళలు కాగితం మీద రాసుకున్నారు. రోజుకి రమారమి 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. ఈ తీరంలో హోటల్ బుకింగ్ కన్నా ముందు చూసుకోవాల్సింది అదేనని నాకు గట్టిగా అనిపించింది. మర్నాడు పొద్దున్నే నీళ్ళు వెనక్కి తగ్గాక బాబూ నేనూ దిగాం. అలలు తొలిచి తొలిచి బండ మొత్తం తేనెపట్టులా గుంటలు పడింది. ఆ మెట్లు పెద్దవాళ్ళకి కష్టం, అత్తయ్య పైనే ఉండిపోయారు.

అక్కణ్ణుంచి వేళాస్. పేష్వాల మంత్రి నానా ఫడ్నవీస్ సొంతూరు ఇదే. ఇప్పుడు జనం వచ్చేది మాత్రం తాబేళ్ళ కోసం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు పెట్టిన గుడ్లను ఊరివాళ్ళు జాగ్రత్తగా తీసి, కంచె వేసిన ఇసుకలో మళ్ళీ పూడ్చి, ఒక్కో గూటి మీద వెదురు బుట్ట బోర్లిస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బుట్టలెత్తి చూస్తారు. సాయంత్రం ఏ బుట్ట కిందా ఏమీ లేదు. బాబు మొహం చిన్నబోయింది. మర్నాడు పొద్దున ఒక బుట్ట ఎత్తగానే ఇసుక కదిలింది. నల్లగా, నా బొటనవేలికన్నా కాస్త పెద్ద పిల్లలు పదమూడు! నీటికి కొంచెం ఇవతల వదిలారు, మమ్మల్ని తాడు వెనకే ఉంచారు. ఒక పిల్ల తడి ఇసుక దాకా పాకింది. అల వచ్చి దాన్ని వెల్లకిలా తిప్పేసింది. మెడ సాచి, రెక్కలాంటి కాళ్ళు కొట్టుకుని తిరిగి బోర్లా పడింది. నాలుగడుగులు వేసిందో లేదో, ఇంకో అల వెనక్కి తోసింది. మూడోసారి అల వెనక్కి పోతూ దాన్ని తనతో తీసుకుపోయింది. చుట్టూ యాభై మంది ఉండి కూడా ఒక్క మాట వినిపించలేదు.

వేళాస్‌లో బస అంటే ఊరివాళ్ళ ఇళ్ళే. మంచాలు తక్కువ, పరుపులు నేల మీద, బాత్రూమ్ అందరికీ కలిపి. ఒక్క రాత్రికైతే నాకు ఏ ఇబ్బందీ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం మంచం కావాలని ముందే ఫోన్ చేసి చెప్పండి. ఊళ్ళోంచి బీచ్‌కి బాగానే నడవాలి కూడా. తాబేలు పిల్లలు బయటికొస్తాయని ఎవరూ మాట ఇవ్వలేరు కాబట్టి, ఒక సాయంత్రం, ఒక పొద్దున రెండూ చేతిలో ఉండేలా వెళ్ళడం మేలు.

దాపోలీ వైపు మురుద్, కర్దే బీచ్‌లు శని, ఆదివారాల్లో నీటి ఆటల బోట్లతో, బళ్ళతో నిండిపోతాయి. మేం ఆగలేదు. హర్ణై రేవులో సాయంత్రం చేపల వేలం మాత్రం తప్పకుండా చూడాల్సిందే. పడవల దగ్గర్నుంచి ఎడ్లబళ్ళు నీళ్ళలో దిగి సరుకు మోసుకొస్తాయి. వెనక సముద్రంలో సువర్ణదుర్గం కోట.

దాభోళ్ దగ్గర వాశిష్ఠి నదిని జంగర్‌లో దాటి ధోపావే, అక్కణ్ణుంచి గుహాగర్ చేరాం. ఈ యాత్రలో నా మనసు పూర్తిగా గెలుచుకున్న ఊరు ఇదే. పొడవాటి బీచ్, దాని వెంబడి సరుగుడు చెట్లు, వాటి వెనక కొబ్బరి, వక్క తోటలు, ఆ తోటల మధ్యే ఇళ్ళు. మేం దిగింది అలాంటి ఒక ఇంటి వెనక కట్టిన రెండు గదుల్లో. ఏసీ లేదు, రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది. అయినా కిటికీ తెరిస్తే తోటలోంచి చల్లగాలి. తోటకి నీళ్ళు పారించే సన్నటి కాలవ గది పక్కనుంచే పోతుంది, ఆ చప్పుడు వింటూనే నిద్రపట్టింది. వాకిట్లో వక్కలు ఆరబోసి ఉన్నాయి. అందరూ కాకూ అని పిలిచే ఆ ఇంటావిడ, ముందు రోజు రాత్రే "రేపు చేపలా, శాకాహారమా?" అని అడిగి దాన్ని బట్టి వండుతారు. మా వారికి వంజరం వేపుడు, అత్తయ్యకి ఆవిరి మీద ఉడికించిన మోదక్‌లు, అందరికీ కోకమ్ అనే పుల్లటి పండు రసం, కొబ్బరిపాలు కలిపిన సోల్‌కఢీ. అత్తయ్యకి మెట్లు లేని గది తనే మార్చి ఇచ్చారు, మేం అడక్కముందే. డబ్బు నోట్లుగా పెట్టుకోండి, సిగ్నల్ లేక ఫోన్‌లో చెల్లింపు చాలాసార్లు ఆగిపోయింది.

గుహాగర్ నుంచి హెద్వీ వెళ్ళి బామణ్‌ఘళ్ చూశాం. ఒడ్డు బండలో నిలువునా ఒక సన్నటి చీలిక. పోటు సమయంలో అల అందులోకి దూరి, దారిలేక పైకి ఎగజిమ్ముతుంది. మా కాగితం ఇక్కడ పనికొచ్చింది, సరిగ్గా పోటు వేళకి చేరాం. ఆటు సమయంలో వెళ్తే ఉత్త చీలికే కనిపిస్తుంది.

తవ్‌సాళ్ నుంచి జయగఢ్‌కి ఇంకో జంగర్, తర్వాత గణపతిపులే. స్వయంభూ గణపతి వెలసిన కొండ చుట్టూ చేసే ప్రదక్షిణకి చదునైన దారి ఉంది, అత్తయ్య తృప్తిగా నడిచారు. బస దగ్గరే దెబ్బతిన్నాం. ఆన్‌లైన్‌లో సముద్రం కనిపించే గది అని చూసి గుహాగర్‌లో ఇచ్చినదానికి రెట్టింపు కట్టాం. తీరా చూస్తే కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, దుప్పట్లలో చెమ్మ వాసన. గది మార్చమంటే రిసెప్షన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర లేదు. దర్శనానికి వెళ్ళండి, బస మాత్రం పక్కనున్న మాల్‌గుండ్ వైపు వెతుక్కోండి. మరాఠీ కవి కేశవసుత్ పుట్టిన ఊరది, ఆయన ఇంటిని స్మారకంగా ఉంచారు, ప్రశాంతంగా ఉంది. గణపతిపులే సముద్రం లోపలికి బలంగా లాగుతుంది, హెచ్చరిక బోర్డులున్నా జనం దిగుతున్నారు. మా బాబుని పాదాలు తడిసేంత వరకే వెళ్ళనిచ్చాను.

ఆరే వారే మీదుగా రత్నగిరి వెళ్ళే రోడ్డు చాలా అందంగా ఉంటుంది, పగలే వెళ్ళండి. రత్నగిరిలో చూసింది ఒక్క థిబా ప్యాలెస్. బర్మా చివరి రాజు థిబాను బ్రిటిష్‌వాళ్ళు 1885లో రాజ్యం లాక్కుని దేశం దాటించారు. ఆయన 1916లో ఇక్కడే చనిపోయారు. ఎక్కడి బర్మా, ఎక్కడి రత్నగిరి అని అత్తయ్య చాలాసేపు ఆ మాటే అనుకుంటూ ఉన్నారు.

ఆంబా ఘాట్ ఎక్కి కొల్హాపూర్ మీదుగా ఇంటికొచ్చాం. ఈసారి రైల్లో చిప్‌లూణ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి గుహాగర్‌కి కారు మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. ఘాట్ మలుపుల్లో అత్తయ్యకి తల తిరుగుతోంది. కాలవ పక్క గది కావాలని ఆవిడ కాకూకి అప్పుడే చెప్పి వచ్చేశారు.