కడుపులో గుడ్డ వదిలేశారు: వినియోగదారుల కమిషనా, పోలీసు కేసా?

మళ్లీ ఆపరేషన్ చేసి గాజుగుడ్డ తీశాక ఇంట్లో అందరూ అడిగేది ఇదే.

ఖర్చు: కమిషన్‌లో, చికిత్సకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. పోలీసు ఫిర్యాదుకూ ఫీజు లేదు, కానీ అక్కడ ముఖ్యంగా దక్కేది శిక్షే, పరిహారం కాదు.

రుజువు: కమిషన్‌లో గుడ్డే చాలావరకు మాట్లాడుతుంది. ప్రతి కేసులో నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని హైదరాబాద్ ఆసుపత్రి కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు కేసులో మాత్రం సుప్రీంకోర్టు 2005 తీర్పు ప్రకారం తీవ్ర నిర్లక్ష్యం చూపాలి, ముందే మరో డాక్టర్ అభిప్రాయం కావాలి. ఈ గడప చాలా ఎత్తు.

గడువు: కమిషన్‌కు రెండేళ్లు. ఇక్కడే చాలామంది నష్టపోతారు. 1993లో ఆపరేషనై, 2002లో గాజుగుడ్డ బయటపడిన ఒకామె కేసును సుప్రీంకోర్టు ఆలస్యం కింద కొట్టేసింది. అన్నేళ్లు నొప్పి ఉన్నా ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని ఎందుకు అడగలేదన్నది కోర్టు ప్రశ్న. నాకు అది బాధగానే ఉంటుంది. అందుకే నొప్పి తగ్గకపోతే వెంటనే వెళ్లి చూపించుకోండి, చీటీలన్నీ దాచండి. అడిగిన 72 గంటల్లో ఆసుపత్రి రికార్డులు ఇవ్వాలి.

మనిషి బతికి ఉండి, వైద్యం ఖర్చు రావాలంటే కమిషన్. ప్రాణం పోయినా, రికార్డులు దిద్దినా పోలీసు ఫిర్యాదు కూడా. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రి అయితే కమిషన్ దారి లేదు, పరిహారానికి సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు.